పెరటి గడప

ఉప్పు కుప్ప మీది తాటాకులు ఒక్కొక్కటే లాగి పారేస్తున్నాడు జగన్నాధం.

గట్టు మీంచి అది చూసి కుమారి నవ్వేసింది. ఒక చేత్తో గంజన్నం కేరేజీ, రెండో చేత్తో చీర కుచ్చిళ్ళు పట్టుకుని వస్తోందామె. పెళ్ళయి మూడు నెలలైనా కాలి మెట్టెల చప్పుడు ఆమెకింకా కొత్తగానే ఉంది. ఎండిన మడి మీద అడుగు వేస్తే ఉప్పు పొర చిటుక్కున విరగడం, ఆ వెనకే మెట్టె టక్కుమనడం నౌపడ వచ్చాక ఆమె కనిపెట్టుకున్న సంతోషాల్లో ఒకటి. గజపతినగరంలో ఉప్పంటే కొట్లో కట్టిచ్చే పొట్లం. ఇక్కడ ఉప్పు ఇంటికన్నా ఎత్తు.

"వానొస్తుంటే కప్పుతారు గానీ విప్పుతారా ఎవరైనా?" అని అరిచింది.

అతను తిరిగి చూడలేదు. సముద్రం వైపు మబ్బు నల్లగా దిగి ఉంది. జ్యేష్ఠం వెళ్ళిపోతోంది. ఎండాకాలమంతా గోకి పోగేసిన ఉప్పుని వాన ముదిరేలోగా కప్పెయ్యాలి. చుట్టుపక్కల కుప్పల మీద కూలీలు కింది వరస ముందు పరిచి, దాని మీదికి పై వరస జారేలా తాటాకులు పేర్చి, నారతాళ్ళతో బిగిస్తున్నారు. ఇప్పుడు అందరూ చేతులాపి ఇటే చూస్తున్నారు. కుమారి నవ్వు ఆగింది.

పెళ్ళైన కొత్తలో ఇలాంటి పని చేసి ఉంటే ఆమె ఆశ్చర్యపోయేది కాదు. అప్పుడు అతనికి నిద్ర అక్కర్లేదు. తెల్లారకుండానే లేపి మడుల్లో పొద్దు పొడవడం చూపించేవాడు. చంకనిండా మొగలిపూలు తెచ్చి దండెం మీద ఆరేసేవాడు. చిన్న రైలెక్కించి పర్లాకిమిడి దాకా తీసుకెళ్ళి, స్టేషన్లో టీ తాగించి, అదే రైల్లో వెనక్కి తెచ్చేవాడు. కొత్త పెళ్ళికొడుకుల సంబరం ఇలాగే ఉంటుంది కాబోలనుకుంది కుమారి. తన సంబరమూ అంతే ఎత్తున ఉండేది, అందుకని కొలత తెలియలేదు. తరవాత ఒకరోజు అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. చాలా రోజులు లేవలేదు. 'నాను దేనికీ పనికిరాను' అన్న మాట తప్ప నోట్లోంచి ఇంకోటి రాలేదు. అదీ గడిచింది. ఇప్పుడు వేళకి తింటున్నాడు, వేళకి పడుకుంటున్నాడు, పనికొస్తున్నాడు. నెమ్మదించాడని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు.

కేరేజీ గట్టు మీద పెట్టి దగ్గరికెళ్ళింది. "ఏం చేస్తున్నారండీ?"

"మొత్తం కప్పీసేరు," అన్నాడు జగన్నాధం. ముఖంలో సంబరం లేదు, బెంగా లేదు. ఇవాళ కూరేమిటని అడిగేటప్పటి ముఖం. "లోపల ఊపిరాడతలేదంట. తీసీమంతన్నారు."

"ఎవరు?"

"నీకు ఇనపడతలేదేటి?"

ఆ అడగడంలో ఉన్న మామూలుతనానికి ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. కూలీల్లోంచి ఎవడో గొంతెత్తాడు. "ఓలమ్మో, బాబుకి ఉప్పు పూనీసినాది రోయ్!"

కుమారి గిర్రున తిరిగింది. "నీకేదో నోరు పూనినట్టుంది. ముందా ఆకులు ఇలా అందించు." వాడు నాలుక కరుచుకున్నాడు. ఆమె మళ్ళీ మొగుడివైపు తిరిగింది. "నాకు వినబడ్డంలేదండీ. ఒట్టు. మీకు వినబడుతోందా?"

జగన్నాధం ఆమెకేసి వింతగా చూశాడు. ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేరు. అవునన్నట్టు తలూపాడు.

"అయితే ఇలా చేద్దాం. వాన సముద్రం మీంచి కదా వస్తుంది, ఊరివైపు కొంచెం గాలికి వదిలేద్దాం. మిగతాది కప్పేద్దాం. సరేనా?"

అతను తల ఎడమ భుజం మీదికి వంచి కాసేపు ఉన్నాడు, తలుపవతల మాట వింటున్నవాడిలా. "సరేనంట," అన్నాడు.

కుమారి కొంగు నడుముకి దోపింది. తాటాకు అంచు రంపంలా ఉంటుందని అప్పుడు తెలిసింది. వేలు తెగింది, ఆ వేలికి ఉప్పు తగిలింది. "అమ్మబాబోయ్!" అని గెంతింది. జగన్నాధం ఆమె చెయ్యి లాక్కుని, తెగినచోట ఊది, తన తలగుడ్డ కొస చింపి కట్టాడు. ఆకు పట్టుకునే తీరు చూపించాడు: మట్టని ఇటు, కొసని కిందికి. వాళ్ళిద్దరూ ఆఖరి వరస మీద రాళ్ళు పెడుతుండగా చినుకులు పడ్డాయి. ఆ వదిలేసిన సందులో ఉప్పు మీద చినుకు పడి చిన్న గుంట చేసుకుని లోపలికి దూరిపోవడం చూసి, అంత భయంలోనూ, ఎంత బావుందో అనుకుంది కుమారి.

*

వాళ్ళకన్నా ముందే వార్త ఇంటికి చేరింది. సూరయ్య అరుగు మీద కూర్చుని ఆరిపోయిన చుట్ట నములుతున్నాడు. జగన్నాధానికి చిన్నాన్న, అన్నగారు పోయాక ఇంటికీ మళ్ళకీ ఆయనే పెద్ద.

"ఏటమ్మీ, ఆడు ఇప్పుతుంటే నువ్వు ఊరేపు కన్నం ఎట్టించినావంట? ఇద్దరికీ కలిపి పట్టినాదేటి?"

"కన్నం పోతే పోయింది, కుప్ప దక్కింది కదా చినమావయ్యా."

"నవ్వులకేటి తక్కువ లేదు. పెళ్ళికి ముందు ఈడికేటీ లేదు. గొడ్డులాగ పని సేసీవోడు. బీయే సదివిన పిల్లని తెచ్చేం. నవ్వులు, పువ్వులు, రైలెక్కడాలు. మగోడి బుర్ర ఎంతకని ఆగుతాది?"

లోపల్నించి అత్తగారు దేముడమ్మ తువ్వాలు తెచ్చి కొడుకు తల తుడుస్తోంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. ఇప్పుడూ తువ్వాలులోకే చెప్పింది. "అమాస వచ్చీసినాది. ఆషాడంలో అత్తా కొత్తకోడలూ ఒక గడప దాటకూడదు. మీ అన్నకి కబురెట్టించేను. ఎల్లు."

"శ్రావణంలో తీసుకొస్తారు కదా, అత్తయ్యా?"

"సూద్దాం."

పక్కింటి దాలమ్మ నూతి దగ్గర ఆ మాటకి అర్థం చెప్పింది. మనసు మంచిదే గాని, ఉన్న మాట ఉన్నట్టు అనెయ్యడం తప్ప దాలమ్మకి ఇంకోలా రాదు. "సూద్దామంటే రానక్కర్లేదనమ్మా. కోడలొచ్చేకే ఇలగయ్యిందని ఈదంతా సెప్పీసేరు. నువ్వు బండెక్కితే ఆ మాట నిజమైపోతాది. ఆడ్ని గదిలో ఎట్టి తాళం ఏసి, మంత్రాలోడ్ని పిలుస్తారు. ఆడికి నయమైతే నువ్వెల్లిపోబట్టి. అవ్వకపోతే నువ్వు సేసిపోబట్టి."

కుమారి బాల్చీ నూతిలోకి వదిలింది. చేంతాడు అరచేతుల్లోంచి సర్రున జారిపోయింది. "అయితే ఎక్కను," అంది.

"ఎక్కనంటే? ఆషాడమాసం నీ సుట్టమేటి, ఆగమంటే ఆగడానికి?"

ఆ రాత్రి భోజనాల దగ్గర దేముడమ్మే వడ్డించింది. జగన్నాధం చేపలపులుసు కలుపుకుని ముద్ద ఎత్తాడు. ముద్ద నోటికీ కంచానికీ మధ్య ఆగింది. తల ఎడమకి వంగింది. దేముడమ్మ గరిటెతో అన్నం గిన్నె అంచు మీద ఠంగుమని కొట్టింది. అతను ఉలిక్కిపడి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఆ ఠంగు కుమారికి బాగా అలవాటే. కాపరానికొచ్చిన మొదటి రోజునుంచి వింటోంది. తను గట్టిగా నవ్వినందుకో, వంటింటి గుమ్మంలో నిలబడినందుకో అత్తగారి విసుగది అనుకుని, విన్నప్పుడల్లా కొంగు సర్దుకునేది. ఇవాళా కొంగు మీదికి చెయ్యి పోయింది. మధ్యలో ఆగింది. తను నవ్వలేదే. గుమ్మంలోనూ లేదు. గోడవార కూర్చుని నోరుమూసుకుని తింటోంది.

ముద్ద మళ్ళీ ఆగింది. మళ్ళీ ఠంగుమంది.

*

మర్నాడు వాన తెరిపిచ్చింది. పెరట్లో చూరు కింద కూర్చుని జగన్నాధం తాటినార తాడు పేనుతున్నాడు. రెండు పాయలు తొడమీద పెట్టి అరచేత్తో ముందుకి ఒత్తితే పాయలు విడివిడిగా మెలితిరుగుతాయి, వెనక్కి లాగితే ఒకదానికొకటి చుట్టుకుంటాయి. కుమారి ఎదురుగా పీట వేసుకుని నార చీల్చి అందిస్తోంది. తడిసిన నార వాసన ఆమెకి నచ్చింది. కొత్త పుస్తకం వాసనకి దగ్గర చుట్టంలా ఉంది.

"వాళ్ళెంతమంది?" అని అడిగింది, ఇంటికొచ్చిన చుట్టాల గురించి అడిగినట్టు.

అతని చేతులు ఆగాయి. తాడు విడిపోకుండా బొటనవేలితో నొక్కిపట్టుకున్నాడు. "ఇద్దరు. ముసలోడొకడు, ఆడమనిషి ఒకర్తె. నాతోటి మాటాడరు. ఆలలో ఆలే నా గురించి సెప్పుకుంటారు. 'ఈడు తాడు పేనతన్నాడు. ఈడికి నార సాలదు. ఈడి పెళ్ళాం అడగతంది.' అలాగ. ఎప్పుడేనా ఇది సెయ్యి, అది సెయ్యి అని సెప్తారు."

"ఇప్పుడూనా?"

"ఇప్పుడూను."

"మొగలిపూలు తెచ్చిన రోజుల్లో?"

"అప్పుడు పొగిడీవోరు. ఈడు రాజు, ఈడు ముట్టుకున్న ఉప్పు ముత్యమైపోతాదని. నాకూ అలగే ఉండీది. తరవాత పడుకుండిపోయేను కాదా, అప్పుడు తిట్టీవోరు. ఈడు సస్తే ఇంటికి పీడొదిలిపోతాదని." తాడు కేసి చూస్తూ చెప్పాడు. "ఇప్పుడు పొగడరు, తిట్టరు. ఊరికే సెప్పుకుంటారు."

కుమారి నార చీల్చడం ఆపింది. విజయనగరం కాలేజీలో లాజిక్ క్లాసు మధ్యాహ్నం భోజనం తరవాత ఉండేది, సగం మంది నిద్రపోయేవాళ్ళు. మేలుకున్న సగంలో తనొకతె. ఒక దానికి ఇంకోటి కారణమా కాదా తేలాలంటే, మొదటిదాన్ని తీసేసి చూడు, రెండోది పోతుందో ఉంటుందో: లెక్చరరు గారు నల్లబల్ల మీద రాసి మరీ చెప్పేవారు. అంత ఉత్సాహం పొంగింది కనక ఏవేవో విన్నాడు అనుకోవచ్చు. అంత బెంగ పడ్డాడు కనక విన్నాడు అనుకోవచ్చు. ఉత్సాహం పోయింది. బెంగా పోయింది. వాళ్ళు పోలేదు. అందరూ నెమ్మదించాడనుకున్న ఈ రోజుల్లోనే కుప్ప విప్పాడు. అయితే ఇవి రెండు. పొంగడం కుంగడం ఒకటి, అది వచ్చిపోతోంది. వినబడడం ఇంకోటి, అది ఉండిపోయింది. రెండూ ఒక్క మనిషిలో, ఈ తాడు పాయల్లా.

ఇదంతా తేలిపోయాక ఇంకో ప్రశ్న మిగిలింది.

"నాకు పువ్వులు తెచ్చింది, రైలెక్కించింది... మీరా, వాళ్ళా?"

జగన్నాధం చాలాసేపు ఆలోచించాడు. అబద్ధం చెప్పడానికి అంతసేపు అక్కర్లేదు.

"పువ్వులు నాకు తెల్దు. ఆలు తెమ్మంటే తెచ్చేనో, నానే తెచ్చీసేనో. రైలు మాత్రం నానే."

"ఎలా తెలుసు?"

"రైల్లో ఆలు ఇనపడరు. ఆ మోతకి. చిన్న రైలైతే మరీ మోత కదా. అక్కడ నీ మాటొక్కటే ఇనపడతాది. అందుకే ఎక్కించీవోడ్ని."

కుమారి పీట మీంచి లేచింది. ఎందుకు లేచిందో తెలియక మళ్ళీ కూర్చుంది. ఆ రైల్లో తను వాగినదంతా గుర్తొచ్చింది. హాస్టలు సాంబారు, గజపతినగరం సంత, చిన్నప్పుడు మేక తన పరికిణీ నమిలెయ్యడం. అతను అలా నోరు తెరుచుకు వింటుంటే, అబ్బ, నా మాటలంటే ఎంత ఇష్టమో అని మురిసిపోయింది. మురిసినది తప్పేమీ కాలేదు. పువ్వుల సంగతి తేలకపోతే పోయింది. ఎవరు తెమ్మన్నా, దండెం మీద అవి వాసన వెయ్యడం మాత్రం నిజం.

"అమ్మకి సెప్పకు," అన్నాడు జగన్నాధం. "భయపడిపోతాది."

మోతకి వినబడరు. రాత్రి గరిటె ఠంగుమనగానే ముద్ద నోట్లోకి వెళ్ళింది. కుమారి లేచి వంటింట్లోకి వెళ్ళింది. తోమి బోర్లించిన అన్నం గిన్నె, పాత ఇత్తడిది, తీసి వెలుతురుకి పట్టుకుంది. అంచు చుట్టూ సొట్టలు. కొన్ని పదునుగా కొత్తగా ఉన్నాయి. కొన్నిటి మీద కళాయి పూత పడింది. ఇంకొన్ని తోమి తోమి నున్నగా అరిగి, వేలు పెట్టి చూస్తే గాని తెలియడంలేదు.

గిన్నె పట్టుకుని బయటికొచ్చింది. "అమ్మకి ఎప్పుడో తెలుసండీ," అంది.

*

కుమారి అన్న నరసింగరావు అమావాస్యనాడు మధ్యాహ్నం రైలుకి దిగాడు. గజపతినగరంలో ఎరువుల కొట్టు. తెల్లచొక్కా, చేతిగుడ్డ, ప్రతి మాటకీ ముందు ఒక దగ్గు. స్టేషన్నించి వచ్చేలోపల ఎవరో చెవిలో వేసినట్టున్నారు, తెచ్చిన అరిసెల బుట్ట అరుగు మీద ఠపీమని పెట్టాడు.

"పిచ్చివాడికి కట్టబెట్టారా మా పిల్లని?"

"పిచ్చోడేటి?" సూరయ్య లేచాడు. "మీ పిల్ల అడుగెట్టక ముందు మావోడికి సీమ కుట్టినా నొప్పి లేదు. ఏటి తినిపించిందో, ఏటి సదివిందో! తీసికెల్లు నాయినా, తీసికెల్లు. ఆషాడమని బయలెల్లదీసేం గాని, ఆషాడం పోయినా మాకు తొందరేటీ లేదు."

"మాకసలే లేదు. కుమారీ! పెట్టె సర్దు. అమావాస్య కాబట్టి ఆగేను. తెల్లారేక రైలుకి పోదాం. మళ్ళీ ఈ గుమ్మం తొక్కేది లేదు."

చూస్తే, ఒకరినొకరు తిట్టుకుంటున్న ఈ ఇద్దరు మగవాళ్ళూ ఒకే మాట అంటున్నారు. కుమారికి నవ్వొచ్చింది. ఆపుకోలేదు కూడా.

"నవ్వుతావేటే?" అన్నాడు నరసింగరావు.

"మీరిద్దరూ వియ్యంకులుగా ఇంతబాగా కుదిరిపోయారు, నేను మధ్యలో వెళ్ళిపోవడమెందుకని. నేను గజపతినగరం రాను, అన్నయ్యా. పొద్దున్న ఆయన్ని తీసుకుని విశాఖపట్నం వెళ్తున్నాను. పెద్దాసుపత్రిలో ఇలాంటివాటికి డాక్టర్లున్నారు. మా లాజిక్ లెక్చరరుగారి తమ్ముడు అక్కడి డాక్టరీ కాలేజీలో పాఠాలు చెప్తున్నారు."

"పిచ్చాసుపత్రా!" సూరయ్య చుట్ట జారి పడింది. "ఇంటి పేరు ఈదిలో ఎడతావేటి? అయినా రేపట్నించి ఆషాడం. మీ అత్త దాటిన గడప నువ్వు దాటకూడదు. అదేనా ఎరుకా, బీయేలో సెప్పనేదా?"

"ఎరుకే. అందుకే మంచి ఉపాయం ఆలోచించాను. ఈ ఇంటికి రెండు గుమ్మాలున్నాయి. వీధిగడప అత్తయ్యగారిది, పెరటిగడప నాది. పశువుల సాల పక్కనించి తిరిగొస్తాను. నెలంతా తిరుగుతాను. మాసానికి మర్యాద, నాకు కాళ్ళకి కసరత్తు."

గోడ మీంచి వింటున్న దాలమ్మ కిలకిలమంది. నరసింగరావు దగ్గాడు. ఈసారి ఆ దగ్గులో మొదటి బలం లేదు.

"కుమారీ, పెళ్ళై ఎన్నాళ్ళయిందని? జీవితమంతా ఒక పిచ్చి... ఒక జబ్బుమనిషితో..."

"జబ్బు మనిషితోనే. టైఫాయిడ్ వస్తే వదిలేస్తావా నువ్వు వదిన్ని? ఇదీ జబ్బే. ఒకటి కాదు, రెండు కలిసినది. ఒకటి వచ్చిపోతుంది, దాన్ని అందరూ చూశారు. ఒకటి ఉండిపోతుంది, దాన్ని ఎవరూ చూడలేదు." ఆగింది. "ఎవరూ చూడలేదనుకున్నాను."

వంటింట్లోకి వెళ్ళి అన్నం గిన్నె తెచ్చింది. దేముడమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆమె పక్కన జగన్నాధం నేలకేసి చూస్తున్నాడు.

"చినమావయ్యా, ఈ గిన్నె నా సారెలో వచ్చిందా?"

"గిన్నేటి మధ్యని? మా అన్న పెళ్ళినాటిది."

"ఈ సొట్టలు చూడండి. ఇదిగో, ఇది కొత్తది, నా ముందు పడింది. ఇదేమో కళాయి కింద ఉంది. ఇది చెయ్యి పెడితేగాని తెలీదు, అంత అరిగింది. ఆయన ముద్ద ఎత్తి ఆగిపోయినప్పుడల్లా అత్తయ్య దీన్ని గరిటెతో కొడతారు. నేను అడుగుపెట్టి మూడు నెలలు. నేను తెచ్చిన జబ్బయితే ఈ పాత సొట్టలు ఎవరికోసం పడ్డాయి?"

సూరయ్య గిన్నె కేసి చూశాడు, వదినగారి కేసి చూశాడు. ఇన్నేళ్ళూ అదే వంటింట్లో ఆ చప్పుడు మధ్యే ఆయన అన్నం తిన్నాడు. "గరిట కడుక్కుంటందనుకున్నాను," అన్నాడు, తనలో తనే.

"అత్తయ్యా, మీరు చెప్పండి."

దేముడమ్మ గుమ్మం వదిలి వచ్చింది. కోడలి చేతిలోంచి గిన్నె తీసుకుంది. సొట్టలున్న పక్క తన పొట్టవైపు తిప్పుకుని, కొంగు కప్పి, లోపలికి వెళ్ళి తలుపు జేరేసింది.

"సూసేవా?" అన్నాడు సూరయ్య. కానీ గొంతు లేవలేదు.

*

ఆషాఢం మొదటి పొద్దు తడిగా వచ్చింది. కుమారి తలస్నానం చేసి, ఉన్నవాటిలో ఎర్ర అంచు చీర కట్టుకుని, కాళ్ళకి పసుపు రాసుకుంది. యుద్ధానికి వెళ్తున్నా పసుపు పసుపే, పాదాలు చూసుకుంటే ముచ్చటేసింది. చిన్న పెట్టెలో ఇద్దరి బట్టలు సర్దింది.

జగన్నాధం చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఒకదాని దగ్గర ఆగిపోయాడు.

"ఏమంటున్నారు?"

"ఎల్లొద్దంతన్నారు."

"మీరేమంటారు?"

అతను గుండీ పెట్టుకున్నాడు. "ఈ రైలు పెద్దది. మోత సరిపోతాదా?"

"సరిపోకపోతే నేనున్నాను కదా, వాగడానికి."

నరసింగరావు వీధి అరుగు దిగి, పెరటి వైపు తిరిగొచ్చి సాల దగ్గర నిలబడ్డాడు. ముఖం ఇంకా ముడుచుకునే ఉంది. చెయ్యి మాత్రం పెట్టె కోసం చాచాడు. "విజయనగరంలో రైలు చాలాసేపు ఆగుతుంది. అప్పటికైనా ఆలోచించుకుని దిగు."

"దిగుతాను. మామిడితాండ్ర కొనుక్కుని మళ్ళీ ఎక్కుతాను. నీక్కూడా కావాలా?"

పెరటి గడప ఎత్తుగా ఉంటుంది, వాననీళ్ళు లోపలికి రాకుండా. ఆవులు తోసి తోసి మధ్యలో చెక్క అరిగింది. కుమారి కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని దాటింది. వెనకే జగన్నాధం దాటాడు. సూరయ్య సాల మూల నిలబడి, ఆపుదామనీ ఆపకూడదనీ రెండూ ఉన్నవాడిలా చేతిలో పలుపుతాడు చుడుతూ విప్పుతూ ఉన్నాడు.

నాలుగు అడుగులు వేశారో లేదో వెనక చప్పుడైంది.

దేముడమ్మ. తలదువ్వుకుని, పెళ్ళిళ్ళకి కట్టే నేతచీర కట్టుకుని, చంకలో అన్నం మూట పెట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడి ఉంది.

"అత్తయ్యా," అంది కుమారి కంగారుగా. "అటు వీధివైపు నుంచి రండి. ఈ గడప ఇప్పుడే నేను..."

"తోవ తియ్యి," అంది దేముడమ్మ. తువ్వాలులోకి కాదు, పెరడంతా వినబడేలా. "డాట్రు అడిగితే నీకేటి తెలుసు? మూడు నెల్లది సెప్తావు. అక్కడ్నించి ముందరిదంతా ఎవలు సెప్తారు?"

"వదినా, మాసం..." అన్నాడు సూరయ్య.

"మాసం, మంది మాట సూసుకునే ఇన్నాళ్ళు గిన్ని కొట్టేను. ఇంక నా సెయ్యి నొప్పెడతంది."

గడప మీద చెయ్యి ఆనించి ఒక కాలు ఇవతల పెట్టింది. మోకాళ్ళ నొప్పి మనిషి, రెండో కాలు వెంటనే రాలేదు. కుమారి వెనక్కి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. దాలమ్మ గోడ మీంచి "ఓలప్పా!" అని నోరు నొక్కుకుంది. దేముడమ్మ రెండో కాలు దాటింది. ఆకాశం ఉన్నచోటే ఉంది. సాలలో ఆవు తోక విదిలించింది.

స్టేషను దారంతా ఆమె ఆగకుండా చెప్తూనే ఉంది, కొడుకు చేతిని వదలకుండా. "ఫోర్తుఫారం పరీచ్చలో లేచొచ్చీసినాడు, ఎవలో పిలిసేరని. మేస్టారు కొట్టేరు. ఆడు ఏడవనేదు. ఆ రేత్రి అన్నం తింటా తింటా ఆగిపోనాడు. నా సేతిలో గరిట జారి గిన్ని మీద పడ్డాది. ఆడు నాయేపు తిరిగి సూసేడు. అప్పుడు తెలిసినాది నాకు, సప్పుడైతే వస్తాడని. ఎవలికీ సెప్పనేదు. సెప్తే ఈడికి పిల్లనెవలిస్తారు?" ఆగి కోడలి ముఖంలోకి చూసింది. "నీకు సెయ్యగూడని పనే సేసేను."

కుమారికి కోపం రావలసిన చోటది. వచ్చింది కూడా. మోసపోయానన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. "ఆ మాట మనం తరవాత తీరిగ్గా దెబ్బలాడుకుందాం అత్తయ్యా," అంది. "నేను వదిలిపెట్టను, చూడండి. ముందు ఆ పరీక్ష సంగతి డాక్టరుకి ఇలాగే చెప్పాలి. గరిటె సంగతీ చెప్పాలి."

"గిన్ని తేనేదు మరి."

"మీరొచ్చారు కదా."

రైలొచ్చింది. నరసింగరావు అందరికన్నా ముందు ఎక్కి, కిటికీ పక్క చోటు మీద చేతిగుడ్డ వేసి బావగారి కోసం ఆపాడు. వేశాక, ఎందుకు వేశానా అన్నట్టు కిటికీలోంచి బయటికి చూశాడు. ఉప్పు కుప్పలు తాటాకు గొడుగులు వేసుకుని వెనక్కి పోతున్నాయి. ఒక్కదానికి మాత్రం ఊరివైపు తెల్లగా సందుంది.

దేముడమ్మ మూట విప్పి ఆకులో పులిహోర పెట్టి కొడుక్కి ఇచ్చింది. బండి వేగం అందుకుంది. జగన్నాధం కుమారి వైపు తిరిగి, "ఏదేనా మాటాడు," అన్నాడు.

"మేక పరికిణీ నమిలింది చెప్పాను కదా. ఆ మేక తరవాత ఏమైందో చెప్పలేదు."

రైలు వంతెన మీదికెక్కింది. చక్రాల మోత పెట్టెలోకి పొంగింది. జగన్నాధం ముద్ద ఎత్తాడు. ఎత్తడంతోటే దేముడమ్మ కుడిచెయ్యి అలవాటు కొద్దీ పైకి లేచింది. ముద్ద ఆగలేదు. అతను మేక సంగతి వింటూ, నములుతూ, నవ్వాడు. లేచిన చెయ్యి కొట్టడానికేమీ దొరక్క కాసేపు గాల్లోనే ఉండి, మెల్లిగా దిగి, పక్కనున్న కోడలి మోకాలి మీద వాలింది.